కుర్చీలో కూర్చున్నామె

పెళ్ళైనప్పటి నుంచీ కుట్టుమిషన్ ముందు నడుం వంచిన దర్జీ ఆవిడకి, నలభై దాటాక బొమ్మలు నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. కోడిని గీస్తే కూజాలా వచ్చేది. కూతురు పడీ పడీ నవ్వేది. అయినా మందుల షాపు మీది మేడగదిలో మాస్టారి క్లాసు మాత్రం మానేది కాదు.

గది నిండా టర్పెంటైన్ వాసన, ఎన్నడూ తెరవని కిటికీల ఉక్క. మధ్యలో చెక్క కుర్చీ వేసి మాస్టారు "గీయండి" అనేవారు. అంతే పాఠం. కుర్చీలో ఒకామె, నుదుటి దాకా బూడిదరంగు శాలువా కప్పుకుని, కదలకుండా కూర్చునేది. దర్జీ ఆవిడ కాగితం మీద మొదట ముద్ద వచ్చింది. తర్వాత మనిషి వచ్చింది. ఆ తర్వాత మెడ వాలు, శాలువా మడతలు... మడతల సంగతి కుట్టేవాళ్ళకి తెలియనిదా!

ఒకరోజు మాస్టారు ఆ బొమ్మ పైకెత్తారు. "చూడండర్రా! మీరంతా ఖాళీ కుర్చీ గీశారు. ఈవిడ అందులో మనిషిని ఊహించింది. కళంటే ఇదీ!"

ఆవిడ తల తిప్పింది. పక్కవాళ్ళ కాగితాలు చూసింది. అన్నిటిలోనూ ఉత్త కుర్చీయే. "నేను ఊహించలేదు మాస్టారూ, ఆమె అక్కడే ఉంది" అనాలి. అనలేదు. పుట్టి బుద్ధెరిగాక తనని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే. మునగచెట్టు ఎక్కినవాళ్ళకి కిందికి చూడబుద్ధి కాదు.

"ఒక్కటే లోపమమ్మా. పాదాలు రాక, ప్రతిసారీ శాలువా కిందికి లాగి దాచేస్తున్నావు. అవి వేశావంటే నీ బొమ్మ ప్రదర్శనలో పెడతాను."

మర్నాడు అందరికన్నా ముందే వచ్చి, కింద షాపులో తాళంచెవి తీసుకుంది. బయట మబ్బు కమ్మి గది మసకగా ఉంది. కుర్చీలో ఆమె ఉంది. ఈసారి ఆమే శాలువాని మోకాళ్ళ దాకా పైకి లాక్కుంది.

పాలిపోయిన పాదాలు. నేలకు అతుక్కుపోయినట్టు ఉన్నాయి.

మడమ వచ్చింది. వేళ్ళు వచ్చాయి. పెన్సిల్ గరగర తప్ప చప్పుడు లేదు. ఎక్కడి నుంచో ఆరని తడిగుడ్డ వాసన...

"ఇంకొక్క వేలు..."

చెవి పక్కనే వినిపించింది. ఎదురుగా ఉన్నామె మాత్రం కదల్లేదు.

లేచి పారిపోవాలి. కానీ ఇంత బాగా తనెప్పుడు గీసింది కనక! చెయ్యి ఆగలేదు. చిటికెన వేలు... గోరు... అయిపోయింది.

ఆమె లేచింది.

ఆ కుర్చీలో దర్జీ ఆవిడ కూర్చుంది. ఎప్పుడు కూర్చుందో తెలియదు. శాలువా నుదుటి మీద బరువుగా పడింది. అరవబోయింది. గొంతు లేదు. కాలు కదపబోయింది. కాలికీ నేలకీ తేడా తెలియలేదు.

ఆమె దర్జీ ఆవిడ రూపంతో, ఆవిడ సంచీ తగిలించుకుని, ఆవిడ చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. వీధిలోంచి కూతురి గొంతు వినిపించింది. "అమ్మా, ఇవాళ క్లాసు లేదా?"

"లేదమ్మా, పద ఇంటికి," అంది దర్జీ ఆవిడ గొంతు.

క్లాసులు జరుగుతూనే ఉన్నాయి. అందరూ ఎదురుగా కూర్చుని ఖాళీ కుర్చీ గీస్తారు. తనని చూడగలిగేవాళ్ళు ఒక్కరైనా రాకపోతారా, నేర్చుకోకపోతారా అని ఆవిడ ప్రతి ముఖమూ వెతికేది. ఎవరి బతుకు ఏమైతేనేం, తను బయటపడితే చాలు. మనిషి అంతకు దిగజారింది.

ఒక సాయంత్రం కొత్త పెన్సిళ్ళతో కూతురు వచ్చింది.

"మీ అమ్మ మానేసిందేం?" అన్నారు మాస్టారు.

"ఇక తనకి అక్కర్లేదటండీ. నన్ను చేరమంది."

పిల్ల నేరుగా కుర్చీలోకి చూసింది. కళ్ళు చిట్లించింది. గీయడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి తల్లి చెయ్యిలా తడబడలేదు.

వద్దమ్మా... నేర్చుకోకు... దర్జీ ఆవిడ లోపల్లోపలే మొత్తుకుంది. ఇంతలో మెడ తేలికైంది. భుజం కదిలింది. ఆ హాయికి సిగ్గుతో చచ్చిపోయింది. అయినా హాయిగానే ఉంది.

"అబ్బో! ఇక చాలు, మిగతాది రేపు," అన్నారు మాస్టారు.

పిల్ల తల ఎత్తలేదు. "ఇవాళే అయిపోవాలండీ. అమ్మా చెల్లీ కింద ఎదురుచూస్తున్నారు."

దర్జీ ఆవిడకి ఉన్నది ఒక్కతే కూతురు. ఆ రెండోది ఏ కుర్చీలోంచి లేచి వచ్చిందో!