వంతు తప్పిన దుర్భిణి

కాంచనకోన రాజ్యంలో ఒకప్పుడు పొద్దు వాలితే చాలు, జనం చేతిలో పని కట్టిపెట్టి కొండెక్కేవారు. కొండ మీద చూపుల అరుగు అని పెద్ద రాతి అరుగు ఉండేది. అక్కడ కూర్చుని ఆకాశంలో చుక్కలు చూసేవారంతా కలిసి ఒక కూటం కట్టుకున్నారు. వాళ్ళు పంచాంగాలు కట్టేవారు కారు, జాతకాలు చెప్పేవారు అంతకన్నా కారు. ఒకడు బట్టలు ఉతికేవాడు, ఒకామె పాలు అమ్మేది, ఒకాయన సాక్షాత్తూ రాజు విజయధ్వజుడు. చుక్కలంటే ఇష్టం, అంతే. తలా ఒక చెయ్యి వేసి ఒక ఇత్తడి దుర్భిణి చేయించుకున్నారు. గ్రహాల నడక గురించి తాళపత్ర గ్రంథాలు రాయించుకున్నారు.

గ్రంథం ఒకరు చదివాక పక్కవారి ఇంటికి వెళ్ళేది. దుర్భిణిలో ఒకరు చూశాక లేచి పక్కకు జరిగి, వెనకవారితో "ఇక నీ వంతు" అనేవారు. ఆ మాట అనకుండా లేవడం కూటంలో పెద్ద తప్పు. రాజుగారైనా సరే, బట్టలు ఉతికేవాడి వెనక నిలబడి తన వంతు కోసం ఎదురుచూడాల్సిందే.

ఇంత చక్కగా సాగుతున్న కూటానికి గంభీరయ్య అనే ఆయన పెద్ద అయ్యాడు. దొంగ కాదు, దుర్మార్గుడు కాదు. కానీ వస్తువు మీద ఆయనకు ఎక్కడలేని బెంగ. ఎవరైనా దుర్భిణి ముట్టుకుంటే ఆయన గుండె గుభేలుమనేది. పాలమ్మే అచ్చమ్మ చేతి తడి అంటిందని ఒకరోజు, గ్రంథం అంచు నలిగిందని ఇంకోరోజు సణిగి సణిగి, చివరికి ఒక ఇనప్పెట్టె చేయించాడు. దుర్భిణినీ గ్రంథాలనూ అందులో పెట్టి తాళం వేశాడు. అరుగు మీద ఎవరి కాలి దుమ్మూ పడకుండా చుట్టూ ముళ్ళకంప కట్టించాడు. వచ్చి అడిగినవాళ్ళందరికీ ఆయన చెప్పేది ఒకటే మాట. "భద్రంగా ఉంది."

చూశారా పిల్లలూ ఈ చోద్యం? చూడటానికి చేయించుకున్న దుర్భిణి చూడకుండా ఉంటే భద్రమట. ఎవరూ చదవకపోతే గ్రంథానికి క్షేమమట. వింటుంటేనే ఒళ్ళు మండటం లేదూ?

ఒళ్ళు మండినవాళ్ళలో అందరికన్నా ముందుంది పైడమ్మ. గాజులు అమ్ముకునే ఇంటి పిల్ల, కూటంలో తనకూ వంతు ఉన్న మనిషి. తల్లీ తండ్రీ లేని ఆమెను అన్న సూరన్నే పెంచాడు. పైడికి నోరెక్కువ, అన్నకు ఓపికెక్కువ. అందుకే, రాజుతో సహా కూటమంతా చూస్తుండగా, గంభీరయ్యతో మాట్లాడటానికి సూరన్న చెల్లెలిని వెనక నిలబెట్టి తాను ముందుకు వెళ్ళాడు.

"పెద్దయ్యగారూ, ఇవాళ అచ్చమ్మ వంతు. పాపం ఎప్పటినుంచో ఎదురుచూస్తోంది. ఒక్కసారి తీసి ఇవ్వండి" అన్నాడు.

"ఎంత భద్రంగా ఉందో చూపిస్తాను, కళ్ళారా చూసుకుని వెళ్ళు. ముట్టుకోకు" అంటూ గంభీరయ్య పెట్టె మూత ఎత్తాడు.

"మనదే కదండీ" అని సూరన్న చెయ్యి చాపాడు. దుర్భిణికి వేలు తగిలిందో లేదో, వేలి కొన నుంచి బూడిదరంగు పాకుతూ వచ్చి, అతను నిలుచున్నవాడు నిలుచున్నట్టే రాయి అయిపోయాడు. మరుక్షణం చూస్తే పెట్టెలో దుర్భిణి లేదు. గ్రంథాలూ లేవు.

అప్పుడు ఆ గంభీరయ్య ఏమన్నాడో తెలుసా? "ముట్టుకోవద్దని నేను చెప్పానా లేదా? మీరే సాక్ష్యం" అన్నాడు.

పైడి అన్న రాతి చేతిని పట్టుకుని గంభీరయ్య వైపు తిరిగింది. "మా అన్న రాయైతే నీకు సాక్ష్యం కావాలా? నీ పెట్టె పాడుగాను. అందరి వస్తువును ఒక్కడివి దాచిపెట్టి, అడగొచ్చినవాడిదే తప్పంటావా?"

"ఊరుకో తల్లీ, ఆయన మంచికే చేశాడు కదా" అన్నాడు రాజు.

"ఎవరి మంచికి మహారాజా? తాళం వేసిన రోజు తమరూ మాట్లాడలేదు" అంది పైడి. రాజు తల దించుకున్నాడు. దుర్భిణినీ సూరన్ననూ తిరిగి తెచ్చినవారు ఏం కోరితే అది ఇస్తానని చాటించాడు. ఆ చాటింపు ఊరు దాటకముందే పైడి ఊరు దాటింది.

అడవి మొదట్లో ఒక ముని కూర్చుని ఉన్నాడు. పైడి దణ్ణం పెట్టి జరిగినదంతా చెప్పింది. చెబుతుంటే మళ్ళీ కోపం వచ్చి, ముని మీదే కేకలేసినంత పని చేసింది.

ముని నవ్వలేదు. "నీ కోపం న్యాయమైనదే అమ్మా. ఎవరికీ ఉపయోగపడకుండా దాచిన వస్తువు నిధి అవుతుంది. నిధి అయిన మరుక్షణం అది భూతం సొత్తు. భూతం సొత్తు ముట్టుకున్నవాడు రాయి అవుతాడు. పెట్టెకు తాళం పడిన రోజే మీ దుర్భిణి మీ చెయ్యి జారిపోయింది" అన్నాడు.

"ఆ భూతం ఎక్కడుంటుంది స్వామీ?"

"ముళ్ళ అడవి దాటాలి, పాతాళగండి దాటాలి. అవతల గుహలో ఉంటుంది" అని ముని తన పావుకోళ్ళు విడిచి ఇచ్చాడు. "ఇవి తొడుక్కుంటే ముళ్ళు గుచ్చుకోవు. అరువు సుమా! వెనక వచ్చేవాళ్ళకూ కావాలి."

పైడి ఆ పావుకోళ్ళతో ముళ్ళ అడవిలో మెత్తని పచ్చికలో నడిచినట్టు నడిచింది. అవతలి అంచున వాటిని విడిచి, కళ్ళకు అద్దుకుని, ఎలా పంపాలా అని చూస్తుండగానే అవి టకటకమంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. "చెక్కముక్కలకున్న బుద్ధి గంభీరయ్యకు లేకపోయింది" అనుకుంటూ ముందుకు సాగింది.

పాతాళగండి మీద ఒకటే రాతి వంతెన. ఆ వంతెన పొడుగునా పెద్ద కొండచిలువ ఒళ్ళు చాచి పడుకుంది.

"కొంచెం జరుగు. నేను అవతలికి వెళ్ళాలి" అంది పైడి.

"కుదరదు అమ్మాయ్. ఇది పూర్వకాలపు వంతెన. ఇప్పుడు ఇలాంటిది కట్టేవాళ్ళు లేరు. మనుషులు నడిస్తే అరిగిపోతుంది. అందుకే నేను కాపాడుతున్నాను" అంది కొండచిలువ.

పైడికి కళ్ళ ముందు గంభీరయ్య కనిపించాడు. అరవబోయి ఆగింది. నడుం మీద చేతులు పెట్టుకుని వంతెనను పైకీ కిందకీ చూసింది.

"బాగానే కాపాడావు. నువ్వు పడుకుని పడుకుని నీ పొట్ట కింద ఎంత లోతు గాడి పడిందో ఎప్పుడైనా చూసుకున్నావా?" అంది.

"అబద్ధం" అంది కొండచిలువ.

"ఎత్తి చూడు. నీకే తెలుస్తుంది."

కొండచిలువ కంగారుగా ఒళ్ళంతా పైకి విల్లులా ఎత్తి కిందకు చూసుకుంది. నిజంగానే రాయి అరిగి నున్నగా గాడి పడి ఉంది. అది నోరు తెరుచుకుని చూస్తుండగానే, పైడి దాని పొట్ట కింద నుంచి దూరి అవతలికి చేరుకుంది. "అయ్యయ్యో, నేనేనా అరగదీసింది?" అని వెనక నుంచి ఏడుపు వినిపించింది. పైడికి జాలి వేయలేదు. అంతకాలం ఆ వంతెన ముందు నిలబడి తిరిగి వెళ్ళిపోయినవాళ్ళు తలపుకు వచ్చారు.

గుహలో అడుగుపెట్టేసరికి ఆమె కోపం ఇంకా పెరిగింది. ఎక్కడ చూసినా వస్తువులే. ఎవరూ వాయించని వీణలు, ఎవరూ కట్టని పట్టుచీరలు, ఎవరూ విప్పని గ్రంథాల గుట్టలు. అన్నీ ఎవరో ఒకరు భద్రంగా దాచుకున్నవే. ఆ గుట్టల మధ్య తాటిచెట్టంత భూతం చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చుని ఉంది. పక్కనే ఇత్తడి దుర్భిణి.

"దుర్భిణి ఇచ్చెయ్. మా అన్నను మనిషిని చెయ్" అంది పైడి, గుమ్మంలోనే.

"అది నీదా?" అంది భూతం. "నీదే అయితే ఇవ్వను. వస్తువు దాచి పాడుచేసింది మీరే. నీది కాదా? అయితే నీకెందుకు?"

ఏ జవాబు చెప్పినా చిక్కే. పైడి దుర్భిణి వైపు చూసింది. "నాదీ కాదు, నీదీ కాదు. దీనికి యజమాని ఉండడు. ఇవాళ నా వంతు, అంతే" అంది.

"వంతా? అదేం మాట? నేనెప్పుడూ వినలేదే."

వినకపోవడంలో వింతేముంది? ఆ గుహకు వచ్చిన వస్తువులు వంతు లేని ఇళ్ళ నుంచే వచ్చాయి మరి. "చూపిస్తాను, రా" అంది పైడి. భూతం అనుమానిస్తూనే దుర్భిణిని గుహ ముంగిట్లోకి తెచ్చింది.

పడమట పొద్దు అప్పుడే కుంకింది. ఎర్రటి ఆకాశంలో శుక్రుడు ఒక్కడే మెరుస్తున్నాడు. పైడి కన్ను ఆనించి చూసింది. దుర్భిణిలో శుక్రుడు చుక్కలా లేడు, బుల్లి నెలవంకలా ఉన్నాడు. ఎన్నాళ్ళకు చూసింది! ఇంకాసేపు, ఇంకొంచెంసేపు చూడాలనిపించింది. పైగా వెనక నిలుచున్నది అన్నను రాయి చేసిన భూతం. దానికెందుకు ఇవ్వాలి? అయినా లేచింది. పక్కకు జరిగి, "ఇక నీ వంతు" అంది.

భూతం నేల మీద బోర్లా పడుకుని కన్ను ఆనించింది. ప్రపంచంలో వస్తువులన్నిటికీ కాపలా కాసింది గానీ, వాటిలో ఒక్కదాన్నీ అది ఎన్నడూ వాడి ఎరగదు. చూస్తూ చూస్తూ ఉండిపోయింది. శుక్రుడు కొండ చాటుకు దిగబోతుండగా మెల్లగా లేచింది. చెప్పకుండానే పక్కకు జరిగింది.

"ఇక నీ వంతు" అంది.

అన్నాక తెలిసింది దానికి, ఆ మాటతో దుర్భిణి తన చెయ్యి దాటిపోయిందని. నిట్టూర్చి, గ్రంథాలు కూడా పైడి ఒళ్ళో పెట్టింది. "తీసుకుపో. నీ అన్న లేస్తాడు. కానీ విను. వంతు నడిచినంతకాలమే అతను మనిషి. ఒక్కరికి, ఒక్కరికంటే ఒక్కరికి, వంతు లేదన్నారా, దుర్భిణి మళ్ళీ నిధే, అతను మళ్ళీ రాయే" అని ఆమెను అరచేతిలో ఎత్తుకుని కాంచనకోన కొండ మీద దించి మాయమైంది.

సూరన్న నిజంగానే లేచాడు. "అచ్చమ్మ వంతు కదే" అన్నాడు, ఏమీ జరగనట్టు. పైడి అతన్ని పట్టుకుని ఏడ్చింది, తర్వాత తిట్టింది. జనం ముళ్ళకంప పీకి పారేసి అరుగు ఎక్కారు. మర్నాడు పొద్దు వాలగానే వరస కట్టారు. అచ్చమ్మ చూసింది, బట్టలు ఉతికేవాడు చూశాడు, రాజు చూశాడు.

వరస చివర గంభీరయ్య వచ్చి నిలబడ్డాడు.

ఒక్కసారిగా గోల మొదలైంది. "ఏ మొహం పెట్టుకుని వచ్చావు?" అన్నారు. "తోసెయ్యండి అవతలికి" అన్నారు. అప్పుడు దుర్భిణి దగ్గర ఉన్నది పైడి. ఇన్నాళ్ళ కోపం ఒక్కసారి ఉబికి, "నీకు వంతు లేదు. పో" అంది.

పక్కనుంచి సూరన్న "పైడీ" అన్నాడు. అతని వేలి కొనలు బూడిదరంగుకు తిరుగుతున్నాయి.

గంభీరయ్య కూడా చూశాడు. "నేను వెళ్ళిపోతానులే అమ్మా" అన్నాడు వెనక్కి తిరుగుతూ. వెళ్తే మాత్రం ఏం లాభం? వంతు లేదన్న మాట అలాగే నిలిచి ఉంటుంది కదా. బూడిదరంగు మణికట్టు దాకా పాకింది. ఎంత అన్యాయమో చూడండి, చేసినవాడు ఒకడు, రాయయ్యేది ఇంకొకడు! పైడి పళ్ళు పటపటలాడించింది. లేచింది. పక్కకు జరిగింది.

"ఇక నీ వంతు" అంది. "క్షమించానని మాత్రం అనుకోకు. వచ్చి చూడు."

సూరన్న వేళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి.

గంభీరయ్య వంగి కన్ను పెట్టాడు. ఎక్కడ పట్టుకోవాలో, ఏ కన్ను మూయాలో ఆయనకు తెలియలేదు. అప్పుడు అర్థమైంది అందరికీ. ఇన్నాళ్ళు ఆ దుర్భిణిని గుండెల్లో పెట్టుకుని కాపాడిన మనిషి, అరుగుతుందన్న భయంతో, ఒక్కసారీ అందులో చూడలేదు. ఏ కన్ను మూయాలో పైడే విసుక్కుంటూ చెప్పింది. ఆయన చూశాడు. లేచి, మళ్ళీ వచ్చి తన వెనక నిలబడ్డ అచ్చమ్మకు చేత్తోనే దారి చూపించాడు. "నోటితో చెప్పాలి" అంది పైడి. ఆయన చెప్పాడు.

ఏం కావాలో కోరుకోమని రాజు అడిగితే, కూటానికి పెద్దరికం కూడా వంతుల మీదే నడవాలని పైడి కోరింది. మొదటి వంతు ఆమెకే ఇచ్చారు. కాంచనకోనలో దుర్భిణి అరిగింది, బాగుచేయించారు. గ్రంథాలు చిరిగాయి, మళ్ళీ రాయించారు. సూరన్న పెళ్ళి చేసుకుని పిల్లాపాపలతో నిండు నూరేళ్ళు బతికాడు. పైడి కోపం మాత్రం తగ్గలేదు. గంభీరయ్య వచ్చి వెనక నిలబడినప్పుడల్లా ఆమె పళ్ళు బిగించే పక్కకు జరిగేది. జరగడం మాత్రం ఏనాడూ మానలేదు.