దూడ ఫొటో ఎవరిది?

2013 ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం. నారాయణఖేడ్ బస్టాండు ఎదుట బట్టల దుకాణం పైనున్న శంభులింగ ఆఫీసులోకి ఒక అమ్మాయి పరుగున వచ్చింది. మెడలోని బ్యాడ్జీ వెనక్కి తిరిగి వీపు మీద ఊగుతోంది.

"సార్, జల్దీ రావాలె. అయిదింటికి ఒక మంచి మనిషిని దొంగ అని స్టేజీ మీద చదువుతరంట. గా కాయితం చదివేటిది నేనే."

శంభులింగ కుర్చీ చూపించాడు. ఆయన పదిహేనేళ్లు పశువుల బీమా కేసులు దర్యాప్తు చేసి, తర్వాత సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. చచ్చిపోయిందని బీమా సొమ్ము తీసుకున్న బర్రెను సంతలో గడ్డి మేస్తుండగా పట్టుకున్న ఘనత ఆయనది. అసిస్టెంటు రోజ ఆ కథను వచ్చిన ప్రతివారికీ చెబుతుంది. ఇవాళ వ్యవధి లేదని తెలిసి ఆమెకు కాస్త దిగులు కలిగింది.

అమ్మాయి పేరు జీవిత. కంగ్టిలో పశువైద్య సహాయకురాలు. ఊళ్లోని ఫంక్షన్ హాల్లో పశువైద్య సిబ్బంది సదస్సు జరుగుతోంది. అందులో ఫొటోల పోటీ ఆమె బాధ్యత. పనిలో తీసిన ఫొటోను ఇంటర్నెట్ పేజీలో పెట్టాలి. అందరూ చూసి లైకులు కొడతారు. గెలిచిన ఫొటో సంఘం క్యాలెండరు మీదికి ఎక్కుతుంది. గడువు మధ్యాహ్నం పన్నెండింటి దాకా.

"పది గంటల పది నిమిషాలకు డాక్టర్ విక్టర్ సార్ పేరు మీద ఒక ఫొటో వచ్చింది. అప్పుడే పుట్టిన దూడను బర్రె నాకుతుంటది. మూడొందల లైకులు వడ్డయి. పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువుండంగ సొలొమోను తాత ఇచ్చిన ఫోన్ మెమరీ కార్డు తీసి ఎక్కించిన. చూస్తే అదే ఫొటో! నాగల్‌గిద్దల ముప్ఫై రెండేండ్ల సంది చేస్తుండు సార్. వచ్చే నెల రిటైర్ అయితడు."

"కార్డు నీకు ఎప్పుడిచ్చిండు?"

"తొమ్మిదింటికే. అందరి కార్డులు కవర్లల్ల పెట్టి, పేర్లు రాసి, డబ్బాల ఏసిన. తాతది అన్నిటి మీద పెట్టినా అట్టడుగున దొరికింది. చాయ్‌కి కూడ పోకుండ పని చేసిన గనుక అందింది, లేకుంటే టైం దాటిపోతుండె."

శంభులింగ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. సార్ ఇంత త్వరగా చెప్పులు తొడుక్కున్నారంటే ఏదో దొరికినట్టేనని రోజకు తెలుసు.

హాల్లో కంప్యూటర్ బల్ల దగ్గర సంఘం కార్యదర్శి చంద్రప్ప గొంతు అందరికన్నా పైన వినిపిస్తోంది. "పేజీల చూసి కాపీ కొట్టిండు! గింత వయసొచ్చినంక ఇదేం బుద్ధి?"

సొలొమోను గోడవారన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు కదలడం లేదు. "నా ఫోన్‌ల తీసిన సారూ. కాపీ కొట్టుడు నాకు రాదు" అని మాత్రం అన్నాడు.

డాక్టర్ విక్టర్ హుషారైన మనిషి. జిల్లా స్థాయి అధికారి. అభినందనలు అందుకుంటూ ఉండగానే శంభులింగ ఆయన్ను పక్కకు పిలిచాడు.

"డాక్టర్ సాబ్, దూడ ఫొటో మీరే పెట్టిండ్రా?"

"నాకు తీరిక ఎక్కడిది? తొమ్మిదీ ముప్పావు నుంచి పదిన్నర దాకా స్టేజీ మీద ప్రసంగం. నలభై ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో చంద్రప్పకు ఇచ్చిన, మంచిది చూసి పెట్టమని. ఎన్ని దూడలను చూస్తం, అన్నీ యాదికుంటయా?"

"డాక్టర్ సాబ్ ప్రసంగం అప్పుడు కంప్యూటర్ కాడ ఎవరున్నరు, జీవితా?"

"నన్ను మైకు చూసుకోమన్నరు. ఎవరెవరో వాడుకున్నరు సార్."

శంభులింగ రెండు ఫొటోలను తెర మీద పక్కపక్కన పెట్టించాడు. రోజ ముందుకు వంగింది.

"సార్, తాత ఫొటో కొంచెం వెడల్పుంది. ఎడమ పక్క ఒక చెంబు కనవడుతుంది. డాక్టర్ సార్ దాంట్ల అది లేదు."

"శబాష్! పెద్దగ చెయ్."

ఇత్తడి చెంబు అంచు మీద చెక్కిన అక్షరాలు తెర మీద తేలాయి. అవి కన్నడ అక్షరాలు. ఇంట్లో కన్నడం మాట్లాడే శంభులింగ వాటిని ఇట్టే చదివాడు. "సిద్దమ్మ." తర్వాత రోజ చెవిలో ఏదో చెప్పి బయటికి పంపాడు.

అయిదింటికి అందరినీ స్టేజీ ముందు కూర్చోబెట్టాడు.

"ఫొటోను కత్తిరిస్తే చిన్నగైతది. పేజీల ఉన్న చిన్న ఫొటోను కాపీ కొట్టి దానికి చెంబు అతికిచ్చుడు ఎవరితరం కాదు. చెంబు ఎవరి ఫొటోల ఉంటే అసలు ఫొటో వాళ్లదే. రోజా, సిద్దమ్మ ఏమన్నది?"

"నాగల్‌గిద్ద కిరాణా దుకాణానికి ఫోన్ చేసి పిలిపిచ్చిన సార్. తాత పేరు నేను ఎత్తలే. బర్రె ఈనినప్పుడు ఎవరొచ్చిండ్రు అంటే, 'సొలొమోను సారు రాకుంటే తల్లీపిల్లా రెండూ పోతుండె' అన్నది."

హాలంతా గుసగుసలు. విక్టర్ లేచి నిలబడ్డాడు. "మరి నా పేరు మీద..."

"మీ పెన్‌డ్రైవ్ ఇప్పియ్యుండ్రి."

చంద్రప్ప జేబులోంచి పెన్‌డ్రైవ్ బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. జీవిత దాన్ని తెరిచింది. ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. బర్రె పక్కన నవ్వుతున్న విక్టర్. ఎద్దు పక్కన నవ్వుతున్న విక్టర్. మేక పిల్లనెత్తుకుని నవ్వుతున్న విక్టర్. ఇరవయ్యోది వచ్చేసరికి హాలు పగలబడి నవ్వింది. నలభైలో దూడను నాకే బర్రె లేదు.

"పెన్‌డ్రైవ్‌ల లేని ఫొటోను డాక్టర్ సాబ్ పేరు మీద పెట్టింది, పెన్‌డ్రైవ్ చేతిల ఉన్న మనిషే" అన్నాడు శంభులింగ. "ఈ నలభైల ఒక్కటి గూడ గెలవదని ఆయనకు సమజయింది. డబ్బాల కార్డులు వెతికిండు, ఇది దొరికింది. దాని మీది పేరుతోని ఊరు తెలుస్తదని చెంబు కత్తిరిచ్చిండు. టైం దాటిపోవాలని కవరు అట్టడుగున వెట్టిండు. జీవిత చాయ్ మానేస్తదని అనుకోలే. అవునా, చంద్రప్పా?"

చంద్రప్ప కుర్చీలోంచి లేచి వచ్చాడు. "ట్రాన్స్‌ఫర్ కోసం సార్. డాక్టర్ సాబ్ ఖుషీ అయితే బీదర్ దిక్కు పోస్టింగ్ ఇప్పిస్తడనుకున్న. అమ్మకు అక్కడి దవాఖానల మందులు... గీ ముసలాయన మీదికి వస్తదనుకోలే." అని సొలొమోను ముందు చేతులు జోడించాడు.

విక్టర్ తానే మైకు అందుకున్నాడు. "మూడొందల లైకులు మింగేటప్పుడు ఫొటోను ఒక్కపారన్న సరిగ్గ చూడలే. తప్పు నాది గూడ ఉంది. చంద్రప్పా, కార్యదర్శి పని ఇయ్యాల్టితో బంద్. అమ్మ సంగతి అర్జీల రాసియ్, చదువుత." ఆ మాటతో ఆయన మీద హాలుకు కోపం చాలావరకు చల్లారింది.

జీవిత విజేత పేరు చదివింది. సొలొమోను మెట్లెక్కాడు. ముప్ఫై రెండేళ్లలో ఆయన మైకు పట్టుకోవడం ఇదే మొదలు. దాన్ని కాసేపు చూసి, నోటికి దూరంగా పెట్టుకుని అన్నాడు:

"ఫొటో జర వంకర వచ్చిందని ఎవరో అన్నరు. నిజమే. దూడ అడ్డం తిరిగింది. తెల్లారేదాక కొట్లాడిన. బయటవడి మొదటి ఊపిరి తీసినంక, చేతులు వణుకుతనే ఉండె."

ముందు వరసలోని వాళ్లు లేచారు. వాళ్ల వెనక హాలంతా లేచింది. రోజ చప్పట్లు కొడుతూ పక్కకు చూస్తే, శంభులింగ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు.