నీళ్ల కింద మూడు బొట్లు

ఆదివారం పొద్దున్నే టీ ఫ్లాస్కు పట్టుకుని నిజాంపట్నం కాలువ గట్టుకి వచ్చిన గంగరత్నం, తమ షికారు బోటు వెనక వైపు చూసి ఆగిపోయింది. బొట్లు కనపడలేదు.

ఏటా బోటుని నీళ్లలోకి దింపే రోజున నూనెలో కలిపిన సిందూరంతో వెనక మూడు బొట్లు పెడుతుంది, నీటికి జానెడు పైన. అత్తగారు నేర్పిన పద్ధతి. ఈ ఏడూ పాత ఇంజిను ఉండగానే పెట్టింది. ఆ సిందూరం ఓ పట్టాన పోయే రకం కాదు. వంగి చూస్తే బొట్లు ఉన్నాయి. నీళ్ల కింద ఉన్నాయి.

"ఏవయ్యా, బోటు వెనక దిగబడింది. బొట్లు మునిగిపోయినయ్యి చూడు."

భర్త పున్నారావు ఇంజిను మూత తుడుస్తూ నవ్వాడు. పాత పెట్రోలు ఇంజిను పాడైపోతే, చేపల బోటు డీజిలు ఇంజిను ఒకటి తెచ్చి, నెల్లాళ్లు ఒళ్లొంచి తనే బిగించాడు. ఇరవయ్యేళ్లు చేపల వేటకెళ్లిన మనిషి.

"బరువు ఇంజిను కదే, కాస్త దిగుద్ది. నిన్న కాలువ సముద్రంలో కలిసే మొగదాకా తిప్పి తెచ్చాను. చుక్క నీళ్లు రాలేదు."

"నిన్న ఒక్కడివే తిప్పావు. ఇవాళ ఎనిమిదిమంది ఎక్కుతున్నారు. వాళ్లతో మన పిల్ల కూడానూ."

"నీ బొట్లు చూసి బోటు నడపాలా నేను? చాల్లే, టీ పొయ్యి!"

తనకన్నీ తెలుసనుకునే మగాడితో వాదించడమూ, గోడకి చెప్పుకోవడమూ ఒకటే. గోడ నయం, తిరిగి కసరదు.

తొమ్మిదింటికి తెనాలి నుంచి బర్నబాస్ మాస్టారి కుటుంబం దిగింది. మాస్టారు, భార్య సారా, చుట్టాలు, ఇద్దరు చిన్నపిల్లలు. గంగరత్నం కూతురు నవ్య నవ్వుతూ అందరికీ లైఫ్ జాకెట్లు తొడుగుతోంది. సారా చిన్నదాన్ని ఎత్తి బోటులో దించబోయింది. అంతే, గంగరత్నం పరుగున పోయి బోటు తాడు రెండు చేతులా పట్టుకుంది.

"ఎక్కొద్దమ్మా! మీకు దణ్ణం పెడతాను, ఎక్కొద్దు!"

సారా బిత్తరపోయి పిల్లని గుండెకి అదుముకుంది. పున్నారావు మొహం కందగడ్డయింది.

"నలుగుర్లో నా పరువు తీస్తావేంటి? కొత్త ఇంజినుతో తొలి ట్రిప్పుకే అపశకునమా? తాడొదులు!"

"వదలను. వీళ్లకి బదులు ఆ గట్టు మీది ఇసుక బస్తాలెయ్యి. నేనెక్కుతాను. మునిగితే నన్ను ముంచు!"

"నేనూ వస్తానమ్మా," అంటూ నవ్య తల్లి పక్కన నిలబడింది.

పున్నారావు పళ్లు కొరుకుతూ బస్తాలెత్తి బోటులో విసిరాడు. గంగరత్నం ఈత రాని మనిషి. అయినా జాకెట్టు బిగించుకుని, కూతురి మణికట్టు పట్టుకుని ఎక్కి కూర్చుంది.

బోటు మొగ వైపు రివ్వున దూసుకుపోయింది. చుక్క నీళ్లు లేవు.

"చూశావా?" అన్నాడు పున్నారావు మీసం దువ్వుతూ.

"మధ్యలో ఫొటోలకని ఆపుతావుగా. ఇప్పుడు ఆపు."

ఆపాడు. గట్టు చాలా దూరంగా ఉంది.

"నాన్నా, నా కాళ్ల కింద నీళ్లు..."

లోపల పడ్డ నీళ్లు బయటికి పోవడానికి షికారు బోటు వెనక రెండు కన్నాలుంటాయి. వేట పడవల్లో అలాంటివి లేక పున్నారావుకి వాటి ఊసే తట్టలేదు. ఇంజిను బరువుకి బస్తాల బరువు కూడా తోడై అవి నీళ్ల కిందికి దిగాయి. నడిచినంతసేపూ బోటు పైకి లేచి నీళ్లు పోతాయి. ఆగితే అవే కన్నాల్లోంచి లోపలికొస్తాయి.

స్టార్టరు నొక్కాడు. ఇంజిను దగ్గి ఆగింది. నీళ్లు చీలమండలు దాటాయి. మళ్లీ నొక్కాడు. పిక్కలు దాటాయి. బోటు వెనక్కి ఒరిగింది.

"అమ్మా!" నవ్య అరిచింది.

"బస్తాలు తోసెయ్యండి! తొయ్యండి!" పున్నారావు కేకేశాడు.

గోళ్లు చిట్లినా చూసుకోకుండా తల్లీకూతుళ్లు తోశారు. నాలుగో బస్తా పడ్డాక ఇంజిను అందుకుంది. బోటు పైకి లేచింది, నీళ్లు వచ్చిన దారినే పోయాయి.

గట్టుకి చేరాక పున్నారావు తాడు కట్టాడు. మాస్టారి చిన్న కూతురు దగ్గరికొచ్చింది.

"అంకుల్, ఇప్పుడు మేం ఎక్కొచ్చా?"

పున్నారావు ఆ పిల్లని చూశాడు. చూసి చూసి బురదలోనే కూలబడి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు.

"ఇసుక కాబట్టి తోసేశాం రత్నం," అన్నాడు ఎక్కిళ్ల మధ్య. "ఈ పసివాళ్లయితే ఏం చేసేవాణ్ణి?"

గంగరత్నం అతని తల పొట్టకి ఆనించుకుని తనూ ఏడ్చింది. సారా వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడే పున్నారావు కప్పీ కట్టి ఆ ఇంజిను పైకి లాగించాడు. బోటు మెల్లగా లేచింది. ముందు ఒక బొట్టు, ఆ తర్వాత రెండు, తడిగా ఎర్రగా నీళ్లలోంచి బయటికొచ్చాయి.

ఇప్పుడు బోటుకి తేలిక ఇంజినే ఉంది. అయినా జనం ఎక్కాక పున్నారావు వెంటనే తాడు విప్పడు. గట్టు వైపు తిరిగి అడుగుతాడు.

"రత్నం, బొట్లు కనపడుతున్నయ్యా?"

ఆమె వంగి చూసి చెప్పేదాకా ఆగుతాడు.