బస్సు అద్దం

పక్కింటి టైలరమ్మ కొళాయి దగ్గర అందిట, మీ ఆడపడుచుకి ఆసుపత్రంటే భయం పట్టుకుందటగా పాపం, అని. కోడలు ఆ మాటను నీళ్ళ బిందెతో పాటు వంటింట్లోకి మోసుకొచ్చింది.

"ఆవిడకెవరు చెప్పారే?" అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"నేనూ అదే అడిగాను అత్తయ్యా. 'ఒకరు చెప్పాలా? మీ మామగారు రోజూ దేవుడికి చెప్తారు, దారిలో మా కిటికీ ఉంది' అంది. మొన్న కూరలో ఉప్పెక్కువైన సంగతీ ఆవిడకి తెలుసు."

ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు. గుమ్మంలో ఇంటి ఆడపిల్ల నిలబడి ఉంది. నర్సు. పగటి డ్యూటీకి బయల్దేరి, అంతా విన్నది.

ఇంటి పెద్దాయన ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడు. బస్సు దిగినా అలవాటు దిగలేదు. ముందుగదిలో తాను మోకరించే చోట, ఎదురు గోడకి పాత బస్సు అద్దం ఒకటి బిగించుకున్నాడు. కుటుంబ ప్రార్థనలో వెనక ఎవరు కునుకుతున్నారో, ఎవరు దిక్కులు చూస్తున్నారో అందులో కనిపెట్టి, వరసగా ఒక్కొక్కరి తప్పూ ప్రభువుకి ఒప్పజెప్పేవాడు. గొంతు హారన్ లాంటిది. తెల్లారకముందే షిఫ్టుకి పోయే కొడుకు ఒక్కడే తప్పించుకునేవాడు.

ఆ పొద్దున అద్దంలో ముగ్గురే కనిపించారు. భార్య, కోడలు, మూల మంచం మీద తల్లి.

"అమ్మాయేది? రమ్మనండి."

"నేను రాను నాన్నా," అంది గుమ్మంలోంచి కూతురు.

"నెల రోజులుగా చూస్తున్నా, ప్రార్థనలో నోరు విప్పవు. దేవుడి మీద అలిగావా?"

"దేవుడి మీద కాదు. ఆయన దగ్గరికి పోదామంటే నువ్వు అడ్డం కూర్చున్నావు."

పెద్దాయన అద్దంలోంచే కూతుర్ని చూశాడు. "తండ్రితో అనే మాటేనా అది?"

"మా వార్డులో ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకునే ప్రాణం విడిచింది. ఆ మంచం దగ్గరికి వెళ్ళాలంటే భయమేస్తోందని నీకొక్కడికే చెప్పుకున్నాను. మర్నాడు, నా కూతురి పిరికితనం తీసెయ్యి ప్రభువా, అని వీధంతా వినేలా ప్రార్థించావు. అప్పట్నుంచి మోకరిస్తే నాకు దేవుడు గుర్తు రావడం లేదు. రేపు నువ్వేం చెప్తావోనని గుర్తొస్తోంది."

"నీ మంచి కోసమే ప్రార్థించానమ్మా."

"అద్దంలో నన్ను చూస్తూనా?"

మూల నుంచి ముసలమ్మ కళ్ళజోడు తుడుచుకుంటూ గొణిగింది. "చిన్నప్పుడు వీడు కళ్ళు మూసుకునే ప్రార్థన చేసేవాడు."

ఆఖరిసారి ఎప్పుడు కళ్ళు మూసుకున్నాడో పెద్దాయనకి ఎంత తడుముకున్నా తట్టలేదు. లేచి వెళ్ళి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మూడు మరలు ఊడాయి. నాలుగోది తుప్పుపట్టి కదలనంది.

కోడలు గిన్నె పట్టుకొచ్చింది. "నూనె మామయ్యా. ఉప్పు కాదు లెండి, భయపడకండి."

పెద్దాయనకి నవ్వొచ్చింది, చెయ్యి జారింది. అద్దం ఒక పక్కకి ఒరిగితే కూతురు పరుగున వచ్చి కింద చేతులు పెట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని దించారు. సున్నం మాయని తెల్లటి చదరం ఒకటి గోడ మీద మిగిలింది.

అతను దాని ముందు మోకరించి కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లోవాళ్ళ తప్పులన్నీ పక్కన పెడితే, ఇన్నేళ్ళుగా దేవుడితో చెప్పుకోవడానికి తనదంటూ ఏమీ ఉంచుకోలేదని తెలిసింది.

"ప్రభువా," అన్నాడు చివరికి, పక్కవాళ్ళకి మాత్రమే వినబడేంత మెల్లగా. "స్టీరింగు వదిలినప్పట్నుంచి నాకే భయంగా ఉంది. వెనక ఎవరూ లేకపోతే నేనెవర్నో నాకు తెలీదు. పిరికివాణ్ణి నేను. ఆ మాట దాన్నన్నాను."

చెంపలు తడిశాయి. తుడుచుకోలేదు. కూతురు వచ్చి అతని వెనక కాదు, పక్కన మోకరించింది. "నాకూ భయమే ప్రభువా. మేమిద్దరం ఉన్నాం," అంది. నెల రోజుల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి ప్రార్థన అది. తండ్రి వేలు వెతికి పట్టుకుంది.

ఆమెన్ అన్నాక కోడలు అద్దం ఎత్తుకుంది. "ఇక ఇది నాది. జడేసుకోవడానికి."

"ముందు నాకు పట్టుకో వదినా," అంటూ నర్సు అందులో చూసి జుట్టు సర్దుకుంది. ముఖం వెలిగిపోతోంది. "ఇవాళ ముందు ఆ మంచం దగ్గరికే వెళ్తాను నాన్నా."

"బస్టాపు దాకా రానా?"

"ఎప్పుడో రావాల్సింది. చెప్పులేసుకో."

అత్తగారు కళ్ళొత్తుకుంటూనే నవ్వుతూ కూతురికి అన్నం డబ్బా అందించింది. అంతలో టైలరమ్మ కిటికీలోంచి తల పెట్టింది. "అన్నయ్యగారికి ఒంట్లో బాలేదా ఏంటి వదినా? ఇవాళ ప్రార్థన ఒక్క ముక్క వినబడలేదు."

మూల మంచం మీద ముసలమ్మ కళ్ళజోడు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

"ఇన్నాళ్ళూ నీకు చెప్పాడమ్మా. ఇవాళ దేవుడికి చెప్పాడు."