దహబో ఇంటి తివాచీ

"నలభై ఒంటెల తుపాకిమందు," అన్నాడు ఊరి అధికారి గరాద్ హీరాబు, ఖాత్ ఆకు నములుతూ. "జెయిలా రేవు నుంచి నిన్న చేరింది. ఉత్తర ద్వారం పక్క కొట్లో పెట్టించాను. దాన్ని తగలెయ్యడానికి ఆ సముద్రం దాటొచ్చిన తెల్లవాళ్ళు, ఫిరంగీలు, ఊళ్ళోకి మనిషిని దింపారు. అది పేలితే ఆ వాడ వాడంతా లేచిపోతుంది."

అబ్సమా తలుపు పక్కన, బల్లేల కింది అరుగు మీద కూర్చుని విన్నాడు. ఎవరింట్లోనైనా ఆ అరుగు మలసాయ్‌లదే. సుల్తాను చుట్టూ గుర్రాలు నడిపే ఏరికోరిన దళం అది. అబ్సమా పైకి మలసాయ్ రౌతు, లోపల గరాద్‌గారి గూఢచారి. రెండో సంగతి అతని తల్లికి కూడా తెలీదు.

"గుర్రాల వర్తకుడు ఇద్రూస్ మీద నాకు అనుమానం, రుజువు లేదు. వాడి మీద ఓ కన్నేసి ఉంచు."

"నాకు కూషెం మీద అనుమానం దొరా."

"మన కూషెమా? కారణం?"

"వాడెప్పుడూ సంతోషంగా ఉంటాడు."

గరాద్ ఆకు నమలడం ఆపి చూశాడు. "నీ కడుపుమంట నాకు తెలుసు. దాన్ని మాత్రం మందుకొట్టు దగ్గరికి తీసుకురాకు."

కడుపుమంట అంటే చిన్నమాట. ఇద్దరూ ఒకే రోజు దళంలో చేరారు. బూడిదరంగు ఆడగుర్రం కూషెంకి వచ్చింది. ఉక్కు కడియాల కవచం కూషెంకి వచ్చింది. సుల్తాను ఎడమపక్క నడిచే చోటు కూషెంకి వచ్చింది. ఆఖరికి యుద్ధంలో దెబ్బ కూడా వాడికే తగిలింది. ఎడమ మోకాలికి సుల్తానే స్వయంగా కట్టు కట్టాడు. అబ్సమా మూడు దండయాత్రలు చేసి ఒంటి మీద గీత పడకుండా తిరిగొచ్చాడు, అతని ఖర్మ.

"సాంబ్రాణి వర్తకుడి కూతురు దహబో తెలుసుగా?" అన్నాడు గరాద్.

తెలియకేం! ఆ వీధిలోంచి వెళ్ళాల్సిన పని లేకపోయినా అబ్సమా రోజుకి రెండుసార్లు వెళ్తాడు.

"ఆ పిల్ల ఫిరంగీల దగ్గర వెండి తీసుకుంటుంది, వాళ్ళ కబుర్లు నాకు మోస్తుంది. వాళ్ళ తలుపు మీద చుట్టిపెట్టిన తివాచీ ఉంది చూశావూ? అది దిగిందంటే ఫిరంగీల పని ఆ రోజే. వెంటనే కొట్టు దగ్గరికి పరిగెత్తాలి."

మంచి సంకేతమే. పెళ్ళికెదిగిన పిల్ల ఉన్న ప్రతి ఇంటా తలుపు మీద చుట్టిన తివాచీ ఉంటుంది. సంబంధం కుదరగానే దింపుతారు. దించితే ఊరు చెవులు కొరుక్కుంటుంది గానీ అనుమానపడదు.

మూడు రోజులు అబ్సమా ఒళ్ళు వంచి నిఘా వేశాడు, కాకపోతే ఇద్రూస్ మీద కాదు. కట్టెలమ్మేవాడి వేషంలో కూషెం వెంట తిరిగాడు. వాడు మంగలి దగ్గర ఎంతసేపు కూర్చున్నాడో, గుర్రానికి ఏం పెట్టాడో, ఎవర్ని చూసి నవ్వాడో, అన్నీ తెలిశాయి. ఇద్రూస్ ఏ సందులో ఉన్నాడో మాత్రం తెలీలేదు.

గురువారం బావి దగ్గర, వేషం లేనప్పుడు, కూషెమే పలకరించాడు.

"అన్నా, రేపు మా పెద్దవాళ్ళు దహబో వాళ్ళింటికి వెళ్తున్నారు. మొన్న తన చేత్తో ఒంటెపాలు ఇచ్చింది తెలుసా? రేపు నమాజుకి ముందు మళ్ళీ రమ్మంది."

"పాలేనా? మూతి కూడా తుడిచిందా?"

"నువ్వూ వెళ్తుంటావుగా, నీకేమిచ్చింది?"

అబ్సమా గబగబా చేద లాగాడు. అతనికి మంచినీళ్ళు ఇచ్చింది. అదీ అడిగితే.

శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా మసీదులో ఉంది. కట్టెలమోపుతో దహబో వీధి మలుపు తిరిగిన అబ్సమా తలెత్తి చూశాడు. తలుపు మీద తివాచీ లేదు.

కాళ్ళు కొట్టు వైపు తిరిగాయి కూడా. అంతలో నిన్నటి మాట గుర్తొచ్చింది. కూషెం పెద్దవాళ్ళు వచ్చారన్నమాట. అడిగారు. ఆమె ఒప్పుకుంది. అంతే, గరాద్ మాట, ఫిరంగీలు, నలభై ఒంటెలు ఒక్కదెబ్బకి బుర్రలోంచి ఎగిరిపోయాయి. మోపు విసిరేసి కూషెంని వెతుకుతూ పరిగెత్తాడు. వాడి గొంతు పట్టుకోవాలి, ఆ తర్వాత సంగతి తర్వాత.

ఉత్తర ద్వారం వైపు బూడిదరంగు గుర్రం వెళ్తూ కనిపించింది. ఒంటి మీద కవచం, దుమ్ముకి ముఖం చుట్టూ తలగుడ్డ, చేతిలో బల్లెం. కొట్టు ముందు కాపలావాడు ఒక్కడే ఉన్నాడు.

"జెయిలాలో ఏం కురుస్తోంది?" అడిగాడు కాపలావాడు.

"ఉప్పు," అన్నాడు రౌతు. గుర్తుమాట సరిగ్గానే ఉంది.

"ఒరేయ్ కూషెం! దిగరా కిందికి!" వీధి చివర నుంచి అబ్సమా అరిచాడు.

రౌతు దిగాడు. ఎడమవైపు దిగాడు.

అబ్సమా నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది. కూషెంకి ఎడమ మోకాలు వంగదు. నాలుగేళ్ళుగా కుడివైపే దిగుతున్నాడు, చూసేవాళ్ళకి సుల్తాను కట్టిన కట్టు గుర్తొచ్చేలా. ఎవరూ లేనప్పుడు అబ్సమా కూడా అలా దిగి చూసుకున్నాడు, సిగ్గు లేకుండా.

"పట్టుకో వాణ్ణి! వాడు కూషెం కాదు!"

"కూషెమన్నేగా, గుర్రం కూడా..."

"కూషెమైతే కుడివైపు దిగేవాడురా దద్దమ్మా!"

అప్పటికే రౌతు లోపలికి దూరి బల్లేన్ని మందుబస్తాల మధ్యకి గుచ్చాడు. బల్లెం కర్ర గుల్ల. పైకొనలోంచి సన్నగా పొగ వస్తోంది, లోపల వత్తి కాలుతూ కిందికి దిగుతోంది. గుమ్మం పక్కన నమాజుకి ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూ నీళ్ళకూజా ఉంది. అబ్సమా దాన్ని ఎత్తి బల్లెం గొట్టంలోకి కుమ్మరించాడు. బుస్సుమంది. తర్వాత అదే కూజా రౌతు నెత్తిన పగిలింది. తలగుడ్డ జారింది. ఇద్రూస్!

వత్తి లాగి చూస్తే మందుకి రెండంగుళాల ఎడం మిగిలింది.

అసలు కూషెం దహబో ఇంటి వెనకగదిలో గుర్రు పెడుతున్నాడు. ఒంటెపాలల్లో మత్తు.

"తివాచీ చూసి నేరుగా కొట్టు దగ్గరికే వెళ్ళావా?" అంది దహబో, కళ్ళకి కాటుక దిద్దుకుంటూ.

"ఆహా."

"అబద్ధం. 'కూషెం, దిగరా' అని అరిచావట. కాపలావాడు చెప్పాడు."

అబ్సమా ముఖం కందగడ్డయింది. "వాడికే ఎందుకిచ్చావు పాలు?"

"ఇద్రూస్‌కి ఒక మలసాయ్ కవచం, గుర్రం, గుర్తుమాట కావాలి. కాదంటే నన్ను అనుమానించేవాడు. నీవి ఇస్తే కూషెం గుర్తుపట్టేవాడా? నువ్వు గుర్రం ఎటు దిగుతావో అతనికి తెలుసా?"

"...తెలీదు."

"అతని మీసంలో వెంట్రుకలెన్నో కూడా నీకు తెలుసు. అందుకే."

అది మెప్పో చెంపదెబ్బో అబ్సమాకి అర్థం కాలేదు. రెండూ తగిలాయి.

సాయంత్రం గరాద్ భుజం తట్టాడు. "భళా! కానీ నీ పేరు బయటికి రాకూడదు. కొట్టు ముందు కూషెం గుర్రం ఉండటం, శత్రువు బయటికి ఈడ్చబడటం నమాజు నుంచి వస్తున్న జనం చూశారు. పట్టింది కూషెమే అనుకుంటున్నారు. అనుకోనీ."

చీకటి పడకముందే వీధిలో డప్పులు మోగాయి. కూషెం మీద పాట కట్టారు. పాట బాగుంది కూడా, అదే అబ్సమా బాధ.

శనివారం ఉదయానికి దహబో తలుపు మీద తివాచీ మళ్ళీ ఎక్కింది. దాని కింద ఇద్దరూ ఎదురుపడ్డారు.

"అన్నా, నిన్న నేనేం చేశానో నాకే గుర్తులేదు. అంత ఆవేశంలో ఉన్నానట!" కూషెం కుంటుతూ నవ్వాడు. "ఇంతకీ నువ్వెక్కడున్నావు?"

"నమాజులో," అన్నాడు అబ్సమా.

ఆ రోజు నుంచి అబ్సమా కూడా గుర్రాన్ని కుడివైపే దిగుతున్నాడు. కూషెం ఇంకా గమనించలేదు.