బుడగ లేని అడవిదున్న

"ఒక్క బుడగైనా లేదు, చూసుకోండి!" గర్వంగా అంది జమున.

కన్నబాబు చూసుకున్నాడు. గుండె జారిపోయింది.

అమలాపురం కుర్రాడు, గల్ఫ్‌లో రిఫా అనే ఊళ్ళో డ్రైవరు. జీతంలో మిగిల్చి పాత అమెరికా నోట్లు పోగేస్తాడు. వాటన్నిటికీ రాజు ఈ పది డాలర్ల నోటు. నూట ఇరవై ఏళ్ళు దాటిన నోటు, మధ్యలో అడవిదున్న ఠీవిగా నిలబడి ఉంటుంది. పక్కనున్న ఈసా టౌన్‌లో మనవాళ్ళు పెట్టే పాత నోట్ల ప్రదర్శన కోసం దానికో పెద్ద జిరాక్స్ కావాలని జమున పనిచేసే టైపింగ్ సెంటర్‌కి తెచ్చాడు. వెనక ఎవరో హారన్ కొడుతుంటే, ఏం కావాలో చెప్పకుండానే నోటు ఆమె చేతిలో పెట్టి, వెళ్ళి కారు పక్కకి పెట్టొచ్చాడు. అంతే, ఈలోగా లామినేషన్ అయిపోయింది!

గల్ఫ్‌లో మనవాళ్ళకి విలువైన కాగితం కనబడితే లామినేషన్ చేయిస్తేగాని నిద్రపట్టదు మరి.

"ఎంత పని చేశారండీ!"

"నలిగిపోయిందని వేశానండి. మీకైతే ఫ్రీ."

"ఇంక పాత నోట్లు సేకరించేవాళ్ళెవరూ దీన్ని ముట్టుకోరండి. ఊడదీస్తే చిరిగిపోద్ది. ఖలాస్!"

జమున కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మీరు పట్టుకునే తీరు చూసి, అదంటే మీకు ప్రాణమనుకున్నానండి. పాడవకూడదనే..."

కన్నబాబు నోటు తీసుకుని వెళ్ళిపోయాడు. కారెక్కాక నోటు మళ్ళీ చూశాడు. అంచులు ఎంత శ్రద్ధగా సర్దిందో! కోపం నిలబడలేదు. ఇన్నాళ్ళూ అక్కర్లేని జిరాక్సులన్నీ ఈ పిల్ల కోసమే తీయించుకున్నాడాయె.

శుక్రవారం ప్రదర్శనకి జమున క్షమాపణ చెప్పుకుందామని వచ్చింది. దున్న నోటు ఉండదనుకుంది. బల్ల మధ్యలో, అన్నిటికన్నా ముందు అదే ఉంది! దాని ముందు, ఏళ్ళ తరబడి పాత నోట్లు సేకరిస్తున్న సోమరాజుగారు తల పట్టుకున్నారు.

"ఎవరయ్యా ఈ ఘనకార్యం చేసింది?"

జమున స్తంభం చాటుకి తప్పుకుంది.

కన్నబాబు ఛాతీ విరుచుకున్నాడు. "మా జమునండి! ఇలాంటి నోటు ఇంకా చాలామంది దగ్గర ఉంటాదండి. నా నోటు గురించి నాకంటే ఎక్కువ బెంగపడే మనిషి మాత్రం నాకే దొరికింది. ఈ నోటు ఎవరికీ ఇవ్వను."

జమున స్తంభం చాటునుంచి బయటికొచ్చింది. "'మా జమున' ఎప్పట్నించండీ?"

"మొదటి జిరాక్స్ నుంచండి."

సోమరాజుగారు పకపకా నవ్వి, ఇద్దరి తలల మీదా చెయ్యి వేసి దీవించారు.

"అయితే దీని పక్కన మన పెళ్ళి ఫొటో పెట్టాలండి," తలెత్తి అంది జమున. "లామినేషన్ నేనే చేస్తాను. ఒక్క బుడగైనా లేకుండా!"