శుభం పడ్డాక

కృష్ణ పొంగి రేపల్లె లంకలన్నీ మునిగిన ఏడాది జరిగిందిది. నీళ్లు తీసి అప్పటికి నెలయింది.

ఆ శనివారం పొద్దున తెనాలి నుంచి మనవరాలు హర్షిణి రేపల్లె వచ్చేసరికి సుబ్బరత్నమ్మ వసారాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలకి తువ్వాలు చుట్టుకుంది. గుంటూరు ఆస్పత్రిలో మందు ఎక్కించినప్పటి నుంచి జుట్టంతా రాలిపోయింది. నాకెందుకింకని దువ్వెన కూడా పనిమనిషి దానమ్మకి ఇచ్చేసింది. ఇంకో రెండుసార్లు ఎక్కించాలి. సోమవారం వెళ్లాలి. వెళ్లనని వారం నుంచి మొండికేసింది.

"అమ్మమ్మా, మొగుడికి తన వయసు ధారపోసే పెళ్లాం సినిమా అని ఎప్పుడూ చెప్తావే! దాన్ని బాగుచేసి మళ్లీ వేస్తున్నారు తెనాల్లో. సాయంత్రం ఆటకి వెళ్దాం."

సుబ్బరత్నమ్మ చేతులు ఆగాయి. "ముసలిదైపోయి, చివర్లో మళ్లీ నల్లజుట్టుతో పడవ మీద పాట పాడుద్దే, అదేనా?"

"అదే. చూశాక సోమవారం ఆస్పత్రికి రావాలి మరి."

"వస్తాలే."

"వద్దు," అన్నాడు గుమ్మంలోంచి ఆమె మొగుడు బసవపున్నయ్య.

ఇద్దరూ అతనికేసి తిరిగారు. ముప్ఫై ఏళ్లు రేపల్లె సినిమాహాల్లో ఆపరేటరుగా రీళ్లు ఆడించిన మనిషి. రోజుకి పది మాటలంటే ఎక్కువ.

"ఏంటి తాతయ్యా వద్దు? వారానికి ఇప్పుడే కదా ఊ అంది!"

"పాత సినిమా. ఏముందందులో."

సుబ్బరత్నమ్మ తల మీద తువ్వాలు కిందికి లాక్కుంది. "ఈ బోడిగుండు పక్కన నడవడం నామోషీనా మీకు?"

"అది కాదు రత్నం." గోడకేసి చూస్తూ చెప్పాడు. "అందులో జుట్టు తిరిగి రాదు. ముసలిదిగానే మిగిలిపోద్ది. మొగుడు గుర్తుకూడా పట్టడు. నిద్రమత్తులో నేనే ఆఖరి రీలు ముందేసి, దాని ముందు రావాల్సిన పడవ పాట రీలు తర్వాత వేశా. నలభై ఏడేళ్లుగా చెప్పలేకపోయా."

 సుబ్బరత్నమ్మ నవ్వింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా.

"నాకు తెలీదనుకున్నారా? అంతకుముందు వారమే బాపట్లలో మా పిన్నితో చూశా. ఏడ్చి ఏడ్చి జ్వరమొచ్చింది. ఇక్కడ మళ్లీ వెళ్లా. శుభం పడింది, జనం లేచారు. అప్పుడు మొదలైంది పడవ పాట! ఒకటే ఈలలు, తిట్లు. నేను మాత్రం కూర్చునే ఉన్నా. ఎవరబ్బా ఈ మహానుభావుడని పైకి చూస్తే, ఆపరేటరు గది కన్నంలోంచి మీ మొహం. చెమటలు కారిపోతా."

"అయితే పెళ్లిచూపులప్పుడు..." అన్నాడు బసవపున్నయ్య.

"సినిమాహాల్లో పనిచేసేవాడికా అన్నాడు మా నాన్న. ఆయనకైతేనే అన్నా నేను."

"మరి మాకు అట్లా చెప్పావేం?" అంది హర్షిణి.

"నాకా కథే కావాలే పిల్లా."

బసవపున్నయ్య వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఓ చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగాడు. "సోమవారం వస్తావా?"

"ముందు సినిమాకి పదండి. తర్వాత చెప్తా."

సాయంత్రం తెనాల్లో, తెర మీద మొగుడు ఆ ముసలావిడని దాటుకుని వెళ్లిపోయాడు. శుభం పడింది. లైట్లు వెలిగాయి. అందరూ లేచారు. వాళ్లిద్దరూ లేవలేదు.

"ఇప్పుడు పడవ," అంది సుబ్బరత్నమ్మ, ఖాళీ తెరకేసి చూస్తూ.

"ఊ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బసవపున్నయ్య బజారుకి నడిచి వెళ్లి దువ్వెన ఒకటి కొనుక్కొచ్చాడు. గుంటూరు తీసుకెళ్లే సంచీలో, ఆస్పత్రి కాగితాల పక్కన పెట్టాడు.